ఝరిలో గోదావరి: మెస్రం వంశం నడకలో ఏముంది?

మన గోదావరిఖనిలో ఇద్దరు కొత్తవాళ్ళు కలిస్తే మొదట అడిగే మాట ఒకటుంది: "ఏ బాయి మీద పని?" బాయి పేరు చెబితే చాలు, కాలనీ, షిఫ్టు, తెలిసినవాళ్ళు అన్నీ బయటికొస్తాయి. గోదావరి దాటి మంచిర్యాల, జన్నారం, ఉట్నూరు మీదుగా ఇంద్రవెల్లి వైపు వెళ్ళండి. అక్కడి గోండుల్లోనూ మనిషిని గుర్తుపట్టే ప్రశ్న ఒకటుంది: "మీరు ఎన్ని దేవుళ్ళవాళ్ళు?" ఈరోజు మన మాట ఆ ప్రశ్న గురించి, దాన్ని ఏటేటా బతికించే ఒక నడక గురించి.

ముందు ఆ లెక్క చూద్దాం. ఆదిలాబాద్ గోండుల్లో నాలుగు పెద్ద శాఖలున్నాయి. నాలుగు, ఐదు, ఆరు, ఏడు దేవుళ్ళవాళ్ళు. ఒక్కో శాఖని సగ అంటారు. ఒక్కో సగ కింద చాలా ఇంటిపేర్లుంటాయి. ఒకే సగలో ఉన్నవాళ్ళంతా అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళ వరస. వాళ్ళ మధ్య పెళ్ళి కుదరదు. అంటే ఆ ఒక్క అంకె చెబితే ఎవరు తోబుట్టువులు, ఎవరు వియ్యంకులు అవుతారన్నది తేలిపోతుంది. ఇదంతా కాగితం మీద లేదు. వంశాల కథలు ప్రధాన్‌ల నోట ఉన్నాయి. వాళ్ళు కిక్రి అనే తీగవాద్యం వాయిస్తూ పాడతారు.

నాలాంటి సాఫ్ట్‌వేర్ వాడికి వెంటనే వచ్చే డౌట్ ఇదే: బ్యాకప్ ఎక్కడ? దాని జవాబు కేస్లాపూర్‌లో దొరుకుతుంది.

కేస్లాపూర్ ఇంద్రవెల్లి మండలంలో ఉంది. అక్కడి నాగోబా మెస్రం వంశం వాళ్ళ దేవుడు. మెస్రం వాళ్ళు ఏడు దేవుళ్ళ సగ. పుష్య మాసం మొదలయ్యాక వాళ్ళు కాలినడకన, చెప్పుల్లేకుండా బయల్దేరతారు. జన్నారం మండలం కలమడుగు దగ్గర గోదావరిలో హస్తినమడుగు అనే చోటు ఉంది. అక్కడ ఝరిలో, అంటే ఒక కలశంలో, నీళ్ళు పట్టుకుని మళ్ళీ నడుస్తూ వస్తారు. దారిలో ఆగే ఊళ్ళు ముందే తెలుసు. ఇంద్రవెల్లిలో ఇంద్రాదేవికి మొక్కుతారు. కేస్లాపూర్ చేరాక మర్రిచెట్ల కింద విడిది. ఆ ఏడు చనిపోయిన పెద్దల కోసం తూం పూజ చేసేది అక్కడే. పుష్య అమావాస్య రాత్రి ఆ గోదావరి నీళ్ళతోనే మహాపూజ.

ఆ రాత్రి పూజ అయ్యాక జరిగేది భేటింగ్. మెస్రం ఇళ్ళకి కొత్తగా వచ్చిన కోడళ్ళు తెల్ల చీర కట్టుకుని నాగోబా ముందుకొస్తారు. పెద్దలు వాళ్ళని దేవుడికి పరిచయం చేస్తారు. అప్పటినుంచే ఆ కోడలు వంశం పూజల్లో పూర్తి మనిషి. ఇప్పుడు మొత్తం కలిపి చూడండి. పోయినవాళ్ళకి తూం, కొత్తగా వచ్చినవాళ్ళకి భేటింగ్. ఏడాదికోసారి వంశం తన రిజిస్టర్‌ని తానే సరిచూసుకుంటోంది. నడకేమో దారిని, ఊళ్ళని, చుట్టాలని గుర్తుచేస్తోంది. బ్యాకప్ అంటే అదీ.

అదే జాతరలో దర్బార్ కూడా ఉంటుంది. అధికారులు వచ్చి ఆదివాసీల గోడు వింటారు. దానికి మూలం 1940లో ఉంది. జోడేఘాట్‌లో కొమరం భీం చనిపోయాక, గోండులకి ఎందుకంత కడుపుమంట అని తెలుసుకోవడానికి నిజాం సర్కారు హైమండార్ఫ్ అనే మానవశాస్త్రవేత్తని పంపింది. ఆయన, భార్య బెట్టీ మార్లవాయిలో ఉన్నారు. భూమి పోయిన బాధే అసలు బాధ అని ఆయనకి అర్థమైంది. ఆదిలాబాద్ రాజ్‌గోండుల మీద ఆయన పుస్తకం 1948లో వచ్చింది. బెట్టీ సమాధి ఇప్పటికీ మార్లవాయిలోనే ఉంది.

ఇంకో సంగతి. భాషాశాస్త్రం లెక్కలో తమిళం, కన్నడం కన్నా గోండియే తెలుగుకి దగ్గరి చుట్టం. మన నాలుగు వాళ్ళకి నాలుంగ్, మన కన్ను వాళ్ళకి కన్. గుంజాల అనే ఊళ్ళో పాత గోండి రాతప్రతులు దొరికాయి. ఆ లిపికి 2018లో యూనికోడ్‌లో చోటు దక్కింది. అంటే ఫోన్లో, కంప్యూటర్లో ఆ లిపి రాయడానికి దారి పడింది. కానీ ఇంట్లో పిల్లలు మాట్లాడకపోతే కీబోర్డు ఉండి ఏం లాభం?

అసలు భయం నాకు ఇక్కడే. ఓపెన్‌కాస్ట్ కోసం ఊళ్ళు లేచిపోవడం మన బెల్ట్‌లో అందరం చూసిందే. సర్వేలో ఇల్లు రాస్తారు, పొలం రాస్తారు, బావి రాస్తారు. వాటికి ధర కడతారు. మరి పెద్దలకి తూం పెట్టే చెట్టుకి ధర ఎంత? నీళ్ళు పట్టే మడుగుకి? ఇల్లు ఇంకోచోట కట్టొచ్చు. కానీ హస్తినమడుగు ఇంకోచోట తవ్వలేం. ఈ ఆచారం బతకాలంటే మనుషులు ఒక్కరే ఉంటే సరిపోదు, ఆ చోటు కూడా ఉండాలి. ఆదివాసీల భూమి గురించి మాట్లాడేటప్పుడు ఎకరాల లెక్క దగ్గరే ఆగిపోతే మనకి సగమే అర్థమైనట్టు.

అలాగని వాళ్ళని మ్యూజియం బొమ్మల్లా చూడొద్దు. నాగోబాకి రాతితో కొత్త గుడిని మెస్రం వాళ్ళే చందాలు వేసుకుని కట్టుకున్నారు, 2022 డిసెంబరులో తెరిచారు. గుస్సాడీ నాట్యం నేర్పిన మార్లవాయి కనకరాజుకి 2021లో పద్మశ్రీ వచ్చింది. ఆయన 2024లో కన్నుమూశారు. నెమలీకల టోపీ చూడగానే రీల్ చేసేస్తాం గానీ, అది దీపావళి రోజుల్లో దండారీలో దీక్షగా కట్టే వేషం. ఆ టోపీని దేవుడిలా కొలుస్తారు.

జాతరకి తప్పకుండా వెళ్ళండి. భేటింగ్ దగ్గర మాత్రం పెద్దల్ని అడగకుండా ఫోన్ తీయకండి. మీ ఇంట్లో గోండి, కోలామి మాట్లాడే తాత, అవ్వ ఉంటే ఈ ఆదివారం వాళ్ళ పక్కన కూర్చోండి. వరసలు అడగండి, ఊళ్ళ పేర్లు అడగండి, వాళ్ళు ఒప్పుకుంటే రికార్డు చేయండి. ఇంట్లో విన్న ఒక్క గోండి మాటైనా కింద కామెంట్‌లో రాయండి, అర్థంతో సహా. వచ్చే ఎపిసోడ్‌లో అవన్నీ చదువుదాం. ఉంటాను మరి.