ఎక్స్‌రే బాగుందంటే కీళ్లు బాగున్నట్టేనా?

(మన ఆలయ హాలులో జరిగిన ఆరోగ్య సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)

భోజనాలకు ముందు నాకు పావుగంట ఇచ్చారు. వంటగదిలోంచి పులిహోర తాలింపు వాసన అప్పుడే వచ్చేస్తోంది, కాబట్టి అంతకు మించి తీసుకోను.

నేను ఇక్కడి ఆసుపత్రిలో రేడియాలజిస్టుని. ఇరవై ఏళ్లుగా చీకటి గదిలో కూర్చుని ఊళ్లోవాళ్ల ఎముకలు చూడటమే నా ఉద్యోగం. దర్శనానికి వచ్చినప్పుడు మనవాళ్లు కొందరు బ్యాగులోంచి సీడీ తీసి, "డాక్టరుగారూ, ఒక్కసారి ఇది చూద్దురూ" అంటుంటారు. అందులో చాలావరకు కీళ్లవాతం, అంటే రుమటాయిడ్ ఆర్థ్రైటిస్ గురించే. అందరి ప్రశ్నా ఒకటే: "హైదరాబాదులో తీస్తే ఒకటి చెప్పారు, ఇక్కడ ఇంకొకటి చెబుతున్నారు. ఏది నమ్మాలి?"

ముందు మా అమ్మ సంగతి చెబుతాను. అమ్మ విజయవాడలో ఉండేది. పొద్దున లేవగానే వేళ్లు ముడుచుకునేవి కావు, గంటన్నర దాకా చేతిలో గరిటె నిలిచేది కాదు. అక్కడ ఎక్స్‌రే తీసి, ఎముకలు శుభ్రంగా ఉన్నాయి, వయసు నొప్పులేనమ్మా అన్నారు. ఆ ఫిల్మును ఫోనులో ఫొటో తీసి నాకు పంపారు. నాకూ ఏమీ కనబడలేదు, నేనూ సరేనన్నాను. పది నెలల తర్వాత వెళ్లి చూస్తే మణికట్టు వాచిపోయి ఉంది, రెండో ఎక్స్‌రేలో వేళ్ల మొదళ్ల దగ్గర ఎముక కొరికేసినట్టుంది. మొదటి ఫిల్ములో తప్పేమీ లేదు. జబ్బు ఉందా లేదా అని నేను దాన్ని అడిగాను. అది చెప్పగలిగింది ఎముక అప్పటికి దెబ్బతిందా లేదా అన్నది మాత్రమే. ఇదే పని చేసి బతుకుతున్నవాణ్ణి, ఆ తేడా నాకు ఆ రోజు తట్టలేదు.

ఈ జబ్బు కీలు లోపలి మెత్తటి పొరలో మొదలవుతుంది. ఎక్స్‌రేకి ఆ పొర సరిగా కనబడదు. 1895లో రాంట్‌జన్ తన భార్య చేతిని తీసిన బొమ్మలో ఎముకలూ ఉంగరమూ కనిపించాయి. ఇవాళ్టి యంత్రాలు ఎంత మెరుగైనా ఆ మూలధర్మం మారలేదు.

ఇక చదివేవాళ్ల విషయం. ఎక్స్‌రేలో దెబ్బను అంకెల్లో కొలవడానికి జాన్ షార్ప్ అనే డాక్టరు 1971లో ఒక పద్ధతి చెప్పారు. నెదర్లాండ్స్‌కి చెందిన వాన్ డర్ హైడే 1989లో దానికి పాదాలను కూడా చేర్చి మార్పులు చేశారు. చేతులూ పాదాలూ కలిపి ఒక్కొక్క కీలుకి మార్కులు వేసుకుంటూ పోతే గరిష్ఠంగా 448. వినడానికి లెక్కల పరీక్షలా ఉంటుంది గానీ, ఒకే ఫిల్ముకి ఇద్దరు నిపుణులు ఒకే మార్కు వేయరు. నేను పొద్దున వేసింది సాయంత్రం నేనే వేయకపోవచ్చు. అందుకే పరిశోధనల్లో ఇద్దరు విడివిడిగా చదివి సగటు తీస్తారు. చదివేవాళ్ల మధ్య మామూలుగా వచ్చే తేడా కన్నా చిన్న మార్పును జబ్బు పెరిగినట్టు లెక్కపెట్టరు. మామూలు ఆసుపత్రిలో ఇవేవీ ఉండవు. చదివేది ఒక్కరే, రాసేది కూడా మాటల్లోనే. ఒకరు "కొద్దిపాటి మార్పులు" అంటే మరొకరు "మార్పు లేదు" అంటారు. పైగా నొప్పితో వేళ్లు బల్లమీద చదునుగా ఆనకపోతే కీలు మధ్య సందు అరిగినట్టు కనిపిస్తుంది. హైదరాబాదు రిపోర్టుకీ ఇక్కడి రిపోర్టుకీ తేడా రావడానికి చాలాసార్లు ఇంతకు మించి కారణం ఉండదు.

అల్ట్రాసౌండ్‌లో ఆ లోపలి పొర కనిపిస్తుంది, అందులో రక్తప్రవాహం పెరిగితే రంగుల్లో తెలుస్తుంది. నాకు ఇష్టమైన పరీక్ష. కానీ పట్టుకున్న చెయ్యిని బట్టి ఫలితం మారుతుంది. ప్రోబు కాస్త గట్టిగా నొక్కితే ఆ రంగు మాయమవుతుంది. జనవరిలో గ్లవ్స్ లేకుండా బస్సు దిగి వచ్చినవారి చల్లటి చేతుల్లోనూ అంతే, వాపు తక్కువ చూపిస్తుంది. పరీక్షకు ముందు చేతులు వెచ్చబెట్టుకోండి.

ఎమ్మారై వీటన్నిటికన్నా లోతుగా చూస్తుంది. ఎముక లోపలి నీరు కూడా కనిపిస్తుంది, అలా నీరు చేరిన చోట తర్వాత ఎముక కొరుకుడు పడే అవకాశం ఎక్కువ. చిక్కు ఏమిటంటే, ఏ జబ్బూ లేనివాళ్ల చేతుల్లో కూడా ఎమ్మారై చిన్న చిన్న గుంటలు చూపిస్తుంది, వయసు పైబడినకొద్దీ మరీను. స్కాను కాగితం ఒక్కటే చూసి "నాకు కీళ్లవాతం వచ్చేసింది" అని ఏడ్చినవాళ్లు నాకు తెలుసు.

"మరి ప్రతిసారీ స్కాను చేయించుకుంటే మంచిదేగా?" అని మొన్న ఒక అక్క అడిగారు. నార్వేలో దీన్ని పరీక్షించి చూశారు. ఆర్క్‌టిక్ అనే ఆ అధ్యయనం 2016లో వెలువడింది. కొత్తగా జబ్బు పడినవాళ్లలో సగంమందికి ప్రతిసారీ అల్ట్రాసౌండ్ చూసి మందులు సర్దారు, మిగతా సగానికి చేత్తో కీళ్లు తడిమి, రక్తపరీక్షలు చూసి సర్దారు. రెండేళ్ల తర్వాత ఫలితంలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. శ్రద్ధగా, తరచుగా చూసే డాక్టరు దొరికితే స్కాను అదనపు సాయమే. వాపు ఉందో లేదో డాక్టరుకే అనుమానంగా ఉన్నప్పుడు మాత్రం అది బాగా పనికొస్తుంది.

మీ దగ్గరున్న ఫిల్ములూ సీడీలూ పారేయకండి. రిపోర్టు కాగితం కాదు, బొమ్మలే తీసుకురండి. పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టి ఒకే మనిషి చూస్తేనే మార్పు తెలుస్తుంది. చేతులతోపాటు పాదాలు కూడా తీయమని అడగండి, చిటికెన వేలి మొదట్లో దెబ్బ ముందుగా పడటం నేను చాలాసార్లు చూశాను. ఇక, ఎక్స్‌రే బాగుందని మెథోట్రెక్సేట్ మీ అంతట మీరు మానేయకండి. మందు పనిచేస్తోంది కాబట్టే అది బాగుండి ఉండవచ్చు. పొద్దుటి బిగుతు అరగంట దాటుతూ, కణుపులు వాచి ఉంటే, ఎక్స్‌రే ఎలా ఉన్నా సరే జి.పి.ని రుమటాలజీకి పంపమని గట్టిగా అడగండి. మా అమ్మ తరఫున నేను ఆ మాట అడగలేదు.

ల్యాప్‌టాప్ తెచ్చాను. సీడీలు తెచ్చినవాళ్లు భోజనాలయ్యాక చెప్పుల స్టాండు పక్కన బల్ల దగ్గరికి రండి.