ఇతరశాఖల యింజనీరింగు విద్యార్థులకు విద్యుచ్ఛాస్త్ర మేల?



మన విద్యార్థులలో సివిలు, మెకానికలు శాఖలలో జేరినవారును విద్యుచ్ఛాస్త్రప్రవేశమను నొక పాఠ్యమును జదువవలసి యుండును. పలువురు దానిని గండముగా నెంచి, పరీక్ష గడచిన మఱునాడే మఱచుచున్నారు. సంస్కృతము చెప్పుకొని బ్రదికిన మే మీ విషయమున నోరు మెదపుట కొందఱకు వింతగా దోచవచ్చును. అయినను, విద్యార్థి యందు మొదట నేర్చు సూత్రమును గనిపెట్టిన ఓము పండితుడును జర్మనీదేశమున బడిపంతులే. పేరు ప్రణవమును దలపించుచున్నను, 1827 లో నాయన ప్రకటించిన సూత్రమున మర్మ మేమియు లేదు: వోల్టులను నిరోధముచే భాగించినచో ప్రవాహము వచ్చును.

దీని నొక్కమాఱు మన యింటికి వర్తింపజేసి చూతము. ఇండ్లకు వచ్చు విద్యుత్తు 230 వోల్టులు. తడిసిన దేహమున నిరోధము సుమారు 1000 ఓములని లెక్కింతురు. భాగింపగా 230 మిల్లీఆంపియర్లు. ప్రాణము దీయుట కిది చాలును. మఱి బోర్డులోని 5 ఆంపియర్ల ఫ్యూజు? 5000 మిల్లీఆంపియర్లు దాటనిదే యది కరగదు; 230 దానికి లెక్కయే కాదు. ఫ్యూజు తీగను గాచును గాని మనుష్యుని గావదు. ఈ యొక్క మాట మనసున నాటినచో కళాశాలకు గట్టిన రుసుము దక్కినట్లే.

మనుష్యుని గాచునవి రెండు. మోటారు యినుప తొడుగును భూమితో గలుపు ఎర్తు తీగ మొదటిది. లోపలి తీగ చెడి తొడుగునకు దగిలినపుడు, ఎర్తు మార్గమున నిరోధము మిక్కిలి యల్పమైనచో, ప్రవాహము విజృంభించి ఫ్యూజు కరగును. రెండవది 30 మిల్లీఆంపియర్ల లీకేజి బ్రేకరు. వెళ్లిన ప్రవాహమును దిరిగివచ్చినదానితో దూచి, భేదము గనబడగానే రెప్పపాటులో ద్రుంచును.

ఎర్తు గొయ్యికి చోటు విడువవలసినవాడు సివిలు ఇంజనీరు. పంపు తొడుగున ఎర్తు తీగ బిగించుటకు దావు నుంపవలసినవాడు మెకానికలు ఇంజనీరు. గోడలు లేచి, గచ్చు పఱచిన పిమ్మట ఎలక్ట్రీషియనును బిలిచిన, నాత డేమి చేయగలడు?

పోషకులకు మనవి. విద్యార్థివేతనము లిచ్చుచున్నారు, సంతోషము. వేసవిలో పదిదినము లొక యనుభవజ్ఞుడైన ఎలక్ట్రీషియనును నియోగించి, వసతిగృహముననే యీ పాఠమును దెలుగున, పిల్లలచేత తీగలు బిగింపించుచు జెప్పింపుడు. మొదటి పాఠము స్నానపుగదిలోని గీజరు కావలెను. లీకేజి బ్రేకరుపై పరీక్షార్థమొక మీట యుండును. నొక్కిన బ్రేకరు పడవలెను. పడినచో బ్రేకరు పనిచేయుచున్నదని మాత్రమే యర్థము. ఎర్తు సరిగా నున్నదో లేదో దానివలన దెలియదు. దానిని వేఱుగా గొలిపింపవలెను.