మేర మీరిన లోడు: బాధ్యత, పరిహారము



అనంతపురము జిల్లా కొండలపై నిలువనున్న గాలిమర రెక్కలును, రామచంద్రాపురము బి.హెచ్.ఇ.ఎల్. కర్మాగారమునుండి వెలువడు టర్బైను భాగములును నేడు మన రహదారులమీదనే సాగిపోవుచున్నవి. అట్టి భారీ సరకునకు ముందుగా ప్రభుత్వానుమతి, హైడ్రాలిక్ ఆక్సిళ్ల ట్రైలరు, దారి చూపు పైలట్ బండి యుండును గనుక, జనులు దానిని దూరమునుండియే చూచి తప్పుకొందురు. న్యాయవాద వృత్తిలో నాయొద్దకు వచ్చిన కుటుంబములను ఇంత దుఃఖమున ముంచినది ఆ మహాభారములు కావు. సిమెంటు కొట్టునుండి ఇల్లు కట్టుచోటికి పోవు ఇనుపచువ్వలు, తొట్టెకు ఇరువైపుల పొంగిన గడ్డిమోపులు, చెరకు ట్రాక్టరు వెనుక రాత్రివేళ దీపము లేక ఈడ్చుకొనిపోవు ట్రాలీలు: ఇవియే ఎక్కువగా ప్రాణములు తీసినవి. వీనికి అనుమతి యడిగినవాడును లేడు, ఇచ్చినవాడును లేడు.

చట్టము ఈ విషయమున మౌనముగా లేదు. 1989 నాటి కేంద్ర మోటారు వాహన నియమావళిలోని 93వ నియమము బండి వెడల్పును 2.6 మీటర్లకు కట్టడి చేసినది. పూర్వము సరకు బండి వెనుకకు ఒక మీటరు మేర పొడుచుకొని యుండుటకు వెసులుబాటుండెడిది. ఆ మీటరే ఎన్నో శవములకు కారణమైనదని తెలిసిన పిదప, 2014లో దానిని తొలగించిరి. 2019 సవరణచే మోటారు వాహన చట్టము 194వ సెక్షనులో చేరిన ఉపవిభాగము ప్రకారము, సరకు ప్రక్కలకు గాని, ముందు వెనుకలకు గాని, ఎత్తున గాని మేర మీరినచో 20,000 రూపాయల జుల్మానాయు, దానిని దింపించు ఖర్చును భరింపవలసియుండును. ఆ సెక్షనులో నన్ను మిక్కిలి ఆకర్షించిన సంగతి జుల్మానా మొత్తము గాదు. బండిని నడపినవానితోపాటు, నడపింపజేసినవానిని, నడపనిచ్చినవానిని గూడ అది శిక్షార్హుని చేయుచున్నది. చట్టము ముగ్గురిని చూచుచుండగా, మన ఎఫ్.ఐ.ఆర్.లు మాత్రము డ్రైవరు నొక్కనినే చూచుచున్నవి.

నేను నడపిన ఒక దావాను ఇక్కడ విన్నవింతును. ఒక తాపీమేస్త్రీ పని ముగించుకొని రాత్రి మోటారుసైకిలుపై ఇంటికి వచ్చుచు, టైరు పగిలి రోడ్డు ప్రక్క నిలిచిన లారీ వెనుక పొడుచుకొనియున్న చువ్వలకు తగిలి మరణించెను. చువ్వల కొసన ఎర్రగుడ్డ కట్టియున్నమాట వాస్తవమే. దారి పొడవున దుమ్ము త్రాగి మట్టిరంగు తిరిగిన ఆ పేలిక పగలైనను కనబడునది కాదు. మోటారుసైకిలువాడే అజాగ్రత్తగా పోయి ఆగియున్న లారీని గుద్దుకొనెనని పోలీసులు వ్రాసికొనిరి. మరునాడు మోటారు వాహన తనిఖీ అధికారి వచ్చుసరికి ఇనుము వేరొక బండిలోనికి మారి, సరకు చేరవలసినచోటికి చేరిపోయినది. పంచనామాలో లారీ నెంబరు కలదు, పగిలిన హెడ్‌లైటు కలదు, నెత్తుటి మరక కలదు; చువ్వ ఎంత వెలుపలికి వచ్చియుండెనన్న ఒక్క సంగతి లేదు. ప్రాణము తీసిన వస్తువు ఆ కాగితమునుండి అట్లే మాయమైనది.

అప్పుడు మేము చేసినది కూడిక, తీసివేతల పని. కొట్టువారి బిల్లులో చువ్వ పొడవు 12 మీటర్లు. చువ్వలను మడవకయే ఎక్కించితిమని హమాలీ యొకడు ధైర్యముగా సాక్ష్యము చెప్పెను. రవాణా కార్యాలయపు దస్త్రములో బండి మొత్తము పొడవు 9 మీటర్లు. చువ్వ డ్రైవరు గది మీదుగా ఎంత ముందునకు జరిగినను, మూడు మీటర్లు వెలుపల నుండక తప్పదు. మోటారు ప్రమాద పరిహార ట్రిబ్యునలులో క్రిమినలు కేసునందువలె నిస్సందేహమైన రుజువు అక్కరలేదు; ఏది జరిగియుండుటకు ఎక్కువ అవకాశము కలదో చూపిన చాలును. ఇట్టి సందర్భమున 2018 నాటి సుప్రీంకోర్టు తీర్పొకటి మనకు పెద్ద అండ. దీపములు లేక రాత్రి రోడ్డుపై నిలిపిన గ్యాస్ టాంకరును కారు ఢీకొన్న ఆ వ్యవహారమున, కారు నడపినవానిపై తప్పులో పాలు మోపిన హైకోర్టు అభిప్రాయమును సుప్రీంకోర్టు త్రోసిపుచ్చినది.

బాధ్యులెవరు? డ్రైవరు తప్పునకు యజమాని బాధ్యుడు, ఇది అందరెరిగినదే. మేర మీరిన సరకును తెలిసి తెలిసి ఎక్కించిన వర్తకుడు గూడ సామాన్య న్యాయసూత్రము ననుసరించి దారిన పోవువారియెడ జాగ్రత్త వహింపవలసినవాడే యని నా దృఢాభిప్రాయము; అతనిని ప్రతివాదిగా చేర్చుటకు మన న్యాయవాదులు ఏల సంకోచింతురో నాకు తెలియరాదు. అనుమతి పొందిన భారీ సరకునకు గూడ ఇదే వర్తించును. అనుమతి పత్రము జుల్మానా తప్పించును గాని, పైలట్ బండి వెనుకబడి మలుపులో ఎవరినైన బలిగొన్నప్పుడు అజాగ్రత్తను మాపదు. ఇద్దరు ముగ్గురి తప్పు కలసి ఒకని ప్రాణము తీసినపుడు, బాధితులు వారిలో ఎవరివద్దనైన మొత్తము రాబట్టుకొనవచ్చునని 2015లో సుప్రీంకోర్టు స్పష్టము చేసినది. వారి వాటాల లెక్క వారిలో వారు తేల్చుకొందురు.

లోడు మేర మీరెను గనుక మాకు బాధ్యత లేదని బీమా కంపెనీ పలుమారు చేతులెత్తును. మూడవ పక్షమునకు వ్యతిరేకముగా బీమాదారు చెప్పదగిన అభ్యంతరములను చట్టమే లెక్కగట్టి పెట్టినది. అందులేని షరతు పాలసీలో నున్నను, చనిపోయినవాని భార్యాబిడ్డలపై అది చెల్లదు. డ్రైవరు లైసెన్సువంటి లోపము రుజువైన సందర్భములలో సైతము, ముందు బాధితులకు చెల్లించి పిదప యజమానివద్ద రాబట్టుకొనుమని ఆజ్ఞాపించు మార్గము 2004 నాటి స్వరణ్ సింగ్ తీర్పుతో స్థిరపడినది.

పరిహారపు లెక్క గూడ దయాధర్మముపై ఆధారపడినది కాదు. 2009 నాటి సరళా వర్మ తీర్పును, 2017లో రాజ్యాంగ ధర్మాసనము వెలువరించిన ప్రణయ్ సేఠీ తీర్పును కలిపి చదివినచో, సామాన్యుడైనను గణింపగలడు. ముప్పదియైదేండ్ల మేస్త్రీ నెలకు 15,000 రూపాయలు గడించుచుండెననుకొందము. ఏటికి 1,80,000. స్వయముగా సంపాదించుకొనువాడు నలువదేండ్లలోపు వాడు గనుక భవిష్యదభివృద్ధికి నూటికి 40 చేర్చగా 2,52,000. అతనిపై ఆధారపడినవారు నలుగురైనచో నాల్గవవంతు అతని సొంత ఖర్చునకు తీసివేయగా 1,89,000. ఆ వయస్సునకు గుణకము 16. మొత్తము 30,24,000 రూపాయలు. సాహచర్య నష్టము, అంత్యక్రియలు మొదలగువాని క్రింద వచ్చునది వేరు, వడ్డీ వేరు. రాజీకి వచ్చి రెండు లక్షలు చేతబెట్టి వేలిముద్ర వేయించుకొను మధ్యవర్తులు తిరుగు ఊళ్లలో ఈ లెక్కను గ్రంథాలయపు గోడపై వ్రాయించినను తప్పులేదు. ఎవరి తప్పో తేల్చకయే మరణమునకు 5 లక్షలు, తీవ్ర గాయమునకు రెండున్నర లక్షలు పొందు మార్గము 164వ సెక్షనులో కలదు. కాని సంపాదనపరుడు పోయిన కుటుంబము, తప్పును రుజువు చేసి 166వ సెక్షను క్రింద రావలసినదానిని విడిచి అంతటితో సరిపుచ్చుకొనుట నష్టము.

లోడుపైన కూర్చుండి ప్రయాణించు కూలీలను తలంచినప్పుడు మాత్రము నా ధైర్యము సన్నగిల్లును. 1994 సవరణచే సరకు యజమానికిని, అతని ప్రతినిధికిని బీమా రక్షణ కలిగెను. సరకు బండిలో ఉచితముగా ఎక్కినవారికి బీమాదారు బాధ్యుడు కాడని 2003లో సుప్రీంకోర్టు తేల్చినది. యజమాని కూలికి పెట్టుకొన్న పనివాడైనచో పనివారి పరిహార చట్టము ఆదుకొనును; అయితే హాజరుపట్టీలో పేరు లేని హమాలీ, తాను పనివాడనని దేనితో చూపగలడు? లారీ యజమానులారా, బండి వెంట పోవు కూలీల పేర్లు ఒక పుస్తకములో వ్రాయించుడు. అది మీకును రక్షయే.

దావాను ప్రమాదము జరిగిన ఆరు మాసములలో వేయవలెనని 2022 ఏప్రిల్ 1 నుండి అమలైన సవరణ చెప్పుచున్నది. దానిని ప్రశ్నించు పిటిషన్లు సుప్రీంకోర్టు ముందుకు వెళ్లినవి. వాని తీర్పుకై ఎదురుచూడక, కర్మకాండలు ముగిసిన వెంటనే రమ్మని బాధిత కుటుంబములకు చెప్పుడు. ప్రమాదము ఎక్కడ జరిగినను, తాము నివసించుచోటి ట్రిబ్యునలులోనే దావా వేయవచ్చునని గూడ చెప్పుడు.

ఇక నా ప్రతిపాదన. సరకు మేర మీరిన ప్రతి ప్రమాదమునను, బండినుండి సరకును కదల్చుటకు ముందే టేపు పెట్టి దాని పొడవు, వెడల్పు, ఎత్తు కొలిచి, ఫొటో తీయించి, ఎక్కించినవారి పేరుతో సహా పంచనామాలో వ్రాయవలెనని జిల్లా పోలీసు అధికారులను కోరుచు ఈ సభ తీర్మానింపవలెను. ముసాయిదాను వ్రాసి తెచ్చితిని; అధ్యక్షులవారు దానిని సభముందు పెట్టవలసినదిగా ప్రార్థించుచున్నాను.