ఒక్కొక్క మెట్టు ఎక్కుదాం



తెలుగు తరగతిలో ఈ రోజు లెక్కల గురించి మాట్లాడతానంటే మీకు ఆశ్చర్యంగా ఉండవచ్చు. బడిలో మీరు లెక్కలు మలయ్‌లోనో, ఇంగ్లీషులోనో నేర్చుకొంటున్నారు. మరి తెలుగుతో పనేమిటి? చెబుతాను, వినండి.

నేను మీ వయస్సులో ఉన్నప్పుడు మా అమ్మ రబ్బరు తోటలో పాలు తీసే పనికి వెళ్ళేది. ఆమె బడికి వెళ్ళి చదువుకోలేదు. అయినా రాత్రిపూట నా ప్రక్కన కూర్చుని, "ఏం చేశావో నాకు చెప్పు" అని అడిగేది. ఒకనాటి ఇంటిపనిలో ఈ లెక్క ఉంది:

దీర్ఘచతురస్రాకారంలో ఒక తోట ఉన్నది. దాని పొడవు, వెడల్పుకు రెండింతల కంటె 3 మీటర్లు ఎక్కువ. చుట్టుకొలత 36 మీటర్లు. పొడవు, వెడల్పులు ఎంత?

నేను గబగబా మనసులోనే చేసి, వెడల్పు 5.5 మీటర్లని వ్రాసేశాను. అమ్మకు చెప్పాను. ఆమె వ్రేళ్ళ మీద లెక్కపెట్టింది. "ఐదున్నరకు రెండింతలు పదకొండు. మూడు కలిపితే పొడవు పద్నాలుగు. మరి చుట్టూ కంచె వేస్తే ముప్ఫై తొమ్మిది మీటర్లు కావాలి గదరా! మూడు మీటర్లు ఎక్కువెందుకు వచ్చింది?"

నేను జవాబు చెప్పలేకపోయాను. మెట్లు వ్రాయలేదు కనుక తప్పు ఎక్కడుందో కనబడలేదు. రండి, ఆ లెక్కను ఇప్పుడు మెట్టు మెట్టుగా చేద్దాం.

మొదటి మెట్టు: తెలియనిదానికి పేరు పెట్టాలి. 12వ శతాబ్దంలో భాస్కరాచార్యుడు తెలియని సంఖ్యను "యావత్తావత్" అని, పొట్టిగా "యా" అని వ్రాశాడు. "ఎంతో అంత" అని ఆ మాటకు అర్థం. మనమూ వెడల్పును "యా" అందాం.

రెండవ మెట్టు: పొడవు = 2యా + 3.

మూడవ మెట్టు: పొడవు, వెడల్పు కలిపితే 3యా + 3. చుట్టుకొలత దానికి రెండింతలు. కనుక 2(3యా + 3) = 36.

నాలుగవ మెట్టు: కుండలీకరణం లోపలి రెండింటినీ 2తో గుణించాలి. 6యా + 6 = 36. ఇక్కడే నేను పొరపాటు పడ్డాను! 3ను గుణించడం మరచి, 6యా + 3 అనుకొన్నాను.

ఐదవ మెట్టు: రెండు వైపుల నుండి 6 తీసివేస్తే 6యా = 30. రెండు వైపులా 6తో భాగిస్తే యా = 5.

వెడల్పు 5 మీటర్లు, పొడవు 13 మీటర్లు. ఇప్పుడు కంచె వేసి చూడండి: 5 + 13 = 18. రెండింతలు 36. సరిపోయింది!

రేఖాగణితంలోనూ ఇదే పద్ధతి. ఎబిసి త్రిభుజంలో ఎబి, ఎసి భుజాలు సమానం. ఎ కోణం 40 డిగ్రీలు. బి కోణం ఎంత? బొమ్మ గీయండి. ప్రతి మెట్టు ప్రక్కన కారణం వ్రాయండి. మూడు కోణాల మొత్తం 180 డిగ్రీలు. కనుక మిగిలిన రెండు కోణాలు కలిసి 140. సమాన భుజాలకు ఎదురుగా ఉన్న కోణాలు సమానం. కనుక ఒక్కొక్కటి 70 డిగ్రీలు. సరిచూడండి: 40 + 70 + 70 = 180.

పిల్లలూ! స్నేహితుని పుస్తకం చూసి జవాబు ఎక్కించుకోవడానికి ఒక్క నిమిషం చాలు. కాని ఆ జవాబు తప్పయితే దిద్దుకోవడం మీ చేతిలో ఉండదు. మెట్లు వ్రాసినవాడు తన తప్పును తానే పట్టుకోగలడు.

మా అమ్మకు బీజగణితం రాదు. "ఎందుకు?" అని అడగడం మాత్రం వచ్చు. ఆ ప్రశ్నకు తెలుగులో జవాబు చెప్పడం వల్లనే నాకు లెక్కలు వచ్చాయి. ఈ రాత్రి మీ ఇంటిపనిలో ఒక్క లెక్కను అమ్మకో, అమ్మమ్మకో, తాతయ్యకో తెలుగులో చెప్పి చూడండి. మాట తడబడిన చోట ఆగండి. మీరు మళ్ళీ చదువుకోవలసింది అక్కడే ఉన్నది.