పక్కన కూర్చునే పరిచర్య

(రోగుల బంధువుల కొరకు జరిగిన ఆరోగ్య అవగాహన కూటములో మన ఆసుపత్రి నర్సు చేసిన ప్రసంగము)



మీలో చాలామంది రాత్రి వార్డు బయట వరండాలో చాప వేసుకొని పడుకున్నవారే. సరిగా నిద్ర లేదు, సరిగా తిండి లేదు. అందుకని ఎక్కువసేపు తీసుకోను. ఈ రోజు కుక్కల గురించి చెప్తానంటే ఒక పెద్దాయన నవ్వి, “గేటు దగ్గర వాచ్‌మన్ రోజూ తరిమేది వాటినే గదా సిస్టర్” అన్నారు. నిజమే. తరమాలి కూడా. అయినా కొంచెం ఓపికగా వినండి.

ముందు నా సంగతి చెప్తాను. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో, వేరే ఊరిలో పనిచేస్తున్నప్పుడు, ఎనిమిదేళ్ల బాబును తీసుకొచ్చారు. నీళ్ల గ్లాసు చూపిస్తే వణికిపోతున్నాడు. రెండు నెలల క్రితం వీధి కుక్క కరిచిందట. గాయం మీద కారం అద్ది, నాటు మందు కట్టి, మానిపోయిందని ఊరుకున్నారు. రేబిస్ లక్షణాలు బయటపడిన తర్వాత చేయగలిగింది దాదాపు ఏమీ ఉండదు. రెండో రోజు బాబు చనిపోయాడు.

ఆ తల్లి, “కారం పెట్టింది నేనే సిస్టర్” అంది. నాకేం చెప్పాలో తెలియలేదు. వెంటనే, “ఏడవకమ్మా, అంతా దేవుని చిత్తం” అన్నాను. ఆమె నా వైపు ఒకసారి చూసి ముఖం గోడకు తిప్పుకుంది. అప్పుడు మా వార్డు ఆయమ్మ వచ్చి, నేల మీద ఆమె పక్కనే కూర్చుని, చేతిలో చెయ్యి వేసింది. ఒక్క మాట మాట్లాడలేదు. చాలాసేపటికి ఆ తల్లి ఆయమ్మ ఒడిలో తల పెట్టుకొని ఏడ్చింది. నేను నర్సింగ్ డిప్లొమా చదివాను, ఆయమ్మ బడికే వెళ్లలేదు. ఆ రోజు ఆదరించడం ఎవరికి తెలుసో మీరే చెప్పండి.

అప్పటి నుంచి నాకు కుక్కలంటే భయం. అందుకే నాతో చదువుకొని అమెరికాలో నర్సుగా స్థిరపడిన స్నేహితురాలు, “మా సంఘంలో కుక్కతో పరిచర్య చేస్తున్నాం, నేను కూడా వాలంటీరునే” అని ఫోనులో చెప్పినప్పుడు నాకు నచ్చలేదు. బైబిల్లో కుక్కల గురించి గౌరవంగా చెప్పిన చోట్లు తక్కువే గదా అన్నాను. ఆమె, “ధనవంతుని వాకిట పడియున్న లాజరు దగ్గరకు ఎవరు వచ్చారో చూడు” అంది. మనుషులు దాటిపోయారు, కుక్కలు వచ్చాయి. నేను మాట్లాడలేకపోయాను.

ఆమె చెప్పిన తర్వాత నేను కూడా చదివి తెలుసుకున్నాను. 2008 ఫిబ్రవరిలో ఇల్లినాయ్ రాష్ట్రంలోని ఒక విశ్వవిద్యాలయంలో ఒకడు కాల్పులు జరిపి ఐదుగురు విద్యార్థులను చంపాడు. భయంతో ముడుచుకుపోయిన పిల్లల దగ్గరకు లూథరన్ చర్చ్ చారిటీస్ అనే సంస్థ కుక్కలను తీసుకువెళ్లింది. కౌన్సెలర్లతో మాట్లాడని పిల్లలు కుక్క మెడ చుట్టూ చేతులు వేసి మాట్లాడడం చూసి, అదే సంవత్సరం దీనిని ఒక పరిచర్యగా ప్రారంభించారు. 2012 డిసెంబరులో కనెక్టికట్ రాష్ట్రంలోని శాండీ హుక్ బడిలో ఇరవై మంది పసిపిల్లలు, ఆరుగురు పెద్దలు కాల్పుల్లో చనిపోయినప్పుడు కూడా ఆ కుక్కలు వెళ్లాయి. అవి గోల్డెన్ రిట్రీవర్ జాతివి, బంగారు రంగు బొచ్చుతో ఉంటాయి, నెమ్మదైనవి. “దయచేసి నన్ను నిమరండి” అని రాసిన చిన్న కోటు వాటికి తొడుగుతారు. ఈ పరిచర్యకు డబ్బు తీసుకోరు.

ఇది మరీ కొత్త సంగతి కూడా కాదు. 1976లో అమెరికాలో ఇలాంటి కుక్కల కొరకు సంస్థ స్థాపించిన ఎలైన్ స్మిత్ మనలాంటి నర్సే. ఇంగ్లండులో పనిచేస్తున్నప్పుడు ఒక చాప్లిన్ గారు తన కుక్కతో వార్డుకు వస్తే రోగుల ముఖాలు మారడం చూసి ఆమెకు ఆ ఆలోచన వచ్చింది. అంతకు ముందు 1859లోనే ఫ్లారెన్స్ నైటింగేల్, చాలాకాలంగా మంచం పట్టినవారికి చిన్న పెంపుడు జంతువు మంచి తోడు అని రాశారు.

ఇక తర్ఫీదు సంగతి. కుక్కపిల్లకు మొదట కూర్చో, పడుకో, ఆగు, పక్కన నడువు అని నేర్పుతారు. “వదిలెయ్” అన్న మాట చాలా ముఖ్యం. ఎందుకంటే ఆసుపత్రిలో నేల మీద మాత్ర పడి ఉండవచ్చు, రోగి కంచంలో అన్నం ఉండవచ్చు. వీల్‌చైర్ పక్కగా వెళ్లినా, ట్రాలీ చప్పుడు చేసినా, చిన్నబిడ్డ చెవి లాగినా బెదరకూడదు, మొరగకూడదు, మీదికి ఎగరకూడదు. ఇదంతా కొట్టి నేర్పరు. చెప్పిన మాట వినగానే మెచ్చుకొని, చిన్న తినుబండారం ఇచ్చి, నెలల తరబడి నేర్పుతారు. “దెబ్బకు భయపడి మాట విన్న కుక్క ఎవరినీ ఆదరించలేదు” అని నా స్నేహితురాలు అంది. ఆ మాట ఇళ్లలో మనకు కూడా పనికొస్తుంది.

కుక్క అలసటను కూడా కనిపెట్టాలి. ఊరికే ఆవులిస్తుంటే, మూతి నాకుకుంటుంటే, ముఖం తిప్పుకుంటుంటే ఇక చాలని అర్థం. వెంటనే బయటికి తీసుకెళ్లి విశ్రాంతి ఇస్తారు. రాత్రింబగళ్లు రోగి దగ్గరే ఉండే అమ్మలారా, ఇది మీకు కూడా చెప్తున్నాను. అక్కనో వదిననో కూర్చోబెట్టి ఒక పూట నిద్రపోండి. అది పాపం కాదు.

అయితే అసలు తర్ఫీదు కుక్కకు కాదు, గొలుసు పట్టుకున్న మనిషికి. రోగిని ప్రశ్నలు వేయకూడదు. కారణాలు వెదకకూడదు. “అంతా బాగైపోతుంది” అని మన చేతిలో లేనిది మాట ఇవ్వకూడదు. విన్నది బయట చెప్పకూడదు. అడిగితేనే ప్రార్థన చేయాలి. యోబు స్నేహితులు ఏడు రోజులు మౌనంగా నేల మీద కూర్చున్నంత వరకు మంచి స్నేహితులే. నోరు తెరిచిన తర్వాతే బాధ మొదలైంది. ఆయమ్మకు ఇది ఎవరూ నేర్పలేదు. నాకు నేర్చుకోవడానికి ఇన్నేళ్లు పట్టింది.

మరి మన ఆసుపత్రికి కుక్కలను తెద్దామా అంటే, వద్దు. ఆ కుక్కలకు టీకాలు, పశువైద్యుని పరీక్ష, స్నానం, గోళ్లు కత్తిరించడం అన్నీ సమయానికి జరుగుతాయి. అయినా పుండ్లు ఉన్నవారి దగ్గరకు, రోగనిరోధక శక్తి తగ్గినవారి దగ్గరకు, ఎలర్జీ ఉన్నవారి దగ్గరకు తీసుకెళ్లరు. తాకిన ప్రతివారూ చేతులు శుభ్రం చేసుకోవాలి. మన వార్డుల్లో ఆ ఏర్పాట్లు లేవు. దయచేసి ఆవరణలో తిరిగే కుక్కలకు మిగిలిన అన్నం పెట్టకండి, పిల్లలను వాటి దగ్గరకు పంపకండి.

ఈ నాలుగు సంగతులు మాత్రం ఇంటికి తీసుకెళ్లండి.

1. కుక్క కరిచినా, గీరినా, పుండు మీద నాకినా, వెంటనే ధారగా పోసే నీళ్లతో, సబ్బుతో పదిహేను నిమిషాలు కడగండి. కారం, సున్నం, పసుపు, ఆకు పసరు ఏదీ పెట్టకండి.

2. ఆ రోజే ఆసుపత్రికి వెళ్లండి. కరిచింది కుక్కపిల్ల అయినా, ఇంటి కుక్క అయినా వెళ్లాలి. ప్రభుత్వ ఆసుపత్రుల్లో రేబిస్ టీకా ఉచితం. గాయం లోతుగా ఉంటే టీకాతో పాటు గాయం దగ్గర వేరే మందు కూడా వేస్తారు.

3. చీటీలో రాసిన తేదీలన్నిటికీ వెళ్లి టీకా పూర్తి చేయండి. గాయం మానిందని మధ్యలో ఆపకండి.

4. పెంచుకునే కుక్కకు ప్రతి సంవత్సరం రేబిస్ టీకా వేయించండి.

ఇప్పుడు మీరు మళ్లీ వార్డుకు వెళ్తారు. మీ వాళ్లతో ఏం మాట్లాడాలో తోచకపోతే దిగులుపడకండి. మంచం పక్కన కూర్చుని చెయ్యి పట్టుకోండి. వాళ్లు మాట్లాడితే వినండి, మాట్లాడకపోతే అలాగే ఉండండి. పక్క మంచం దగ్గర ఎవరూ లేని ముసలమ్మ ఉంటే, ఒక్క నిమిషం ఆమె దగ్గర కూడా కూర్చోండి. అది కూడా పరిచర్యే.

ఆ బాబు తల్లి ఇప్పుడు ఎక్కడ ఉన్నదో నాకు తెలియదు. ఆమె కొరకు మాత్రం ప్రార్థిస్తూనే ఉన్నాను. మీ ఇంటిలో ఏ తల్లికీ అటువంటి దినము రాకుండును గాక. దేవుడు మిమ్మును, మీ రోగులను దీవించి కాపాడును గాక. ఆమేన్.