మన పిదప వీరికి దిక్కెవరు?
(చాట్రాయి సభయందలి ప్రసంగము)



నూజివీడు సీమలో అంటు కట్టువాడు, నీరు పెట్టువాడు, కావలి కాయువాడు వేరైనను తోట యొక్కటియే. బుద్ధివికాసము కుంటుపడిన బిడ్డ విషయమున మాత్రము బడి, వైద్యశాల, ప్రభుత్వము విడివిడిగా నిలిచి, భారమంతయు తల్లిపై మోపుచున్నవి. ఆమెను నిద్రపోనీయని ప్రశ్న యొక్కటే: నా పిదప వీనికి దిక్కెవరు?

1999 నాటి నేషనల్ ట్రస్టు చట్టము దీనికి త్రోవ చూపినది. ఆటిజము, మస్తిష్క పక్షవాతము, బుద్ధిమాంద్యము, బహువైకల్యము గలవారికి, 18 ఏండ్లు దాటిన పిదపను, సంరక్షకుని నియమించు నధికారమును స్థానిక సంఘమున కొసగినది. అందు జిల్లా కలెక్టరు స్థాయికి తగ్గని యధికారి, నమోదైన సేవాసంస్థ ప్రతినిధి, వైకల్యము గల వ్యక్తి యొకరు కలసి కూర్చుండవలయును. ఈ కూటమి యొకరి దయ కాదు, శాసనము!

1984లో సికింద్రాబాదున జాతీయ సంస్థ వెలసినది. విద్య యచట నున్నది. బిడ్డ చాట్రాయిలో నున్నాడు. నడుమ వంతెన యేది?

మేము మనవి చేయున దిదియే. తల్లిదండ్రులు, బడి, ఆరోగ్యకేంద్రము, పంచాయతి, సేవాసంస్థలు నెలకొకమారు ఒక్కచోట కూర్చుండి, ఏ బిడ్డకేమి వలయునో, ఆ పని యెవరిదో వ్రాసికొనవలయును. పేరుకై పెనగులాడు సంస్థలు పదియున్నను బిడ్డకు దిక్కు లేదు. చేయి కలిపినవి రెండైనను చాలును.