సగం దారిలో ఊరు - బొలొగోయె

(రైల్వే విశ్రాంత ఉద్యోగుల సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శి గారు నన్ను రష్యా యాత్రా విశేషాలు చెప్పమన్నారు. మాస్కో క్రెమ్లిన్, పీటర్స్‌బర్గ్ రాజభవనాలు మీరు టీవీలో చూసినవే. అందుచేత ఒక్క ఊరి సంగతి మాత్రం మనవి చేస్తాను. నిజం చెప్పాలంటే ఆ ఊళ్లో నేను దిగనే లేదు. 2014లో మా అల్లుడుగారితో కలిసి మాస్కో నుంచి పీటర్స్‌బర్గ్ వెళుతుంటే బండి అక్కడ కాసేపు ఆగింది. అంతే. కానీ బిట్రగుంట షెడ్డులో బొగ్గు ఎత్తిన చేతులివి. అలాంటి ఊరు కనబడితే ఊరుకోగలనా? వచ్చాక దొరికినంత చదివాను.

ఊరి పేరు బొలొగోయె. మాస్కోకు 331 కిలోమీటర్లు, పీటర్స్‌బర్గ్‌కు 319. అంటే దాదాపు నట్టనడుమ. అది వల్దాయ్ కొండల ప్రాంతం. కొండలని పేరే గాని మన తూర్పు కనుమల ముందు అవి దిబ్బలు. అయితే ఓల్గా నది పుట్టేది ఆ దిబ్బల్లోనే. చుట్టూ అడవి, ఊరి పక్కనే అదే పేరు గల చెరువు - చెరువు అనకూడదు, సరస్సు. 1495 నాటి నవ్‌గొరోద్ పన్నుల లెక్కల్లోనే ఈ పల్లె పేరు ఉంది. ఆ తర్వాత మూడున్నర శతాబ్దాలు దాన్ని పట్టించుకున్నవాడు లేడు.

1843లో రెండు మహానగరాల మధ్య రైలుమార్గం పనులు మొదలయ్యాయి. మేల్నికోవ్, క్రాఫ్ట్ అనే ఇంజనీర్లు ముఖ్యులు. మట్టి మోసింది మాత్రం భూస్వాముల కింది బానిస రైతులు. 1851లో బండ్లు నడిచాయి. మనకు బొంబాయి - ఠాణా బండి 1853లో గదా, అంతకు రెండేళ్ల ముందు. మొదటి బండికి ఆ 650 కిలోమీటర్లకు 21 గంటల 45 నిమిషాలు పట్టింది. గేజి 5 అడుగులు, మన బ్రాడ్‌గేజి కంటే అర అడుగు తక్కువ.

సగం దారిలో ఉన్న పల్లెకు అదృష్టం ఎందుకు పట్టిందో ఈ సభలో వివరించనక్కరలేదు. ఆవిరి ఇంజనుకు దాహం ఎక్కువ. నీళ్లు కావాలి, కట్టెలో బొగ్గో కావాలి, బూడిద దులపాలి. అందుకని అక్కడ గుండ్రటి లోకో షెడ్డు కట్టారు. స్టేషను భవనం పట్టాల పక్కన కాదు, పట్టాల మధ్య దీవిలా ఉంటుంది. అటు బండి, ఇటు బండి.

తర్వాత 1870లో రిబిన్‌స్క్ వైపు, 1897లో ప్స్కోవ్ వైపు, 1907లో పోలొత్స్క్ వైపు లైన్లు పడ్డాయి. అయిదు దిక్కులకు దారులున్న జంక్షను అయింది. మార్షాక్ అనే కవి పిల్లల కోసం రాసిన ఒక సరదా గేయంలో, మతిమరుపు మనిషి ఒకడు బండికి తగిలించని పెట్టెలో కూర్చుని, ఒకసారి మెలకువ వచ్చినప్పుడు ఇది బొలొగోయేనా అని అడుగుతాడు. పాపం, అతడు లెనిన్‌గ్రాద్ దాటనే లేదు!

ఈ జంక్షను రాజుగారిని కూడా మళ్లించింది. 1917 మార్చిలో రాజధానిలో తిరుగుబాటు లేచింది. జార్ రెండో నికొలాస్ సైనిక కార్యస్థానం నుంచి బండిలో బయలుదేరాడు. బొలొగోయె దాటి మలయా విషెర చేరేసరికి ముందు స్టేషన్లు తిరుగుబాటు సైనికుల చేతిలో ఉన్నాయని కబురొచ్చింది. బండి వెనక్కి తిరిగి మళ్లీ బొలొగోయె వచ్చి, ప్స్కోవ్ లైను పట్టింది. ఆ ప్స్కోవ్‌లోనే, మార్చి 15న, బండి పెట్టెలో కూర్చుని సింహాసనం వదులుకున్నాడు. ఆ రాత్రి పాయింట్లు మార్చిన మనిషి ఎవరో! బొలొగోయెకు పట్టణ హోదా వచ్చిందీ 1917లోనే.

1941 మరీ కష్టకాలం. ఆగస్టులో లెనిన్‌గ్రాద్ వైపు చూదొవో, అక్టోబరు 14న మాస్కో వైపు కలీనిన్ జర్మన్ల చేతిలో పడ్డాయి. అసలు లైను రెండు వైపులా తెగిపోయింది. మధ్యలో బొలొగోయె మిగిలింది. రిబిన్‌స్క్ వైపు వెళ్లే పాత లైనే అప్పుడు ఊపిరి. విమానాలు వచ్చి బాంబులు వేస్తూనే ఉన్నాయి, మనవంటి వాళ్లే పట్టాలు అతుకుతూ ఉన్నారు. ఊరు మాత్రం శత్రువు చేతికి చిక్కలేదు.

బాంబులకు లొంగని ఊరిని మరొకటి లొంగదీసింది. 1962 నాటికి ఆ మార్గమంతటా కరెంటు వచ్చింది. కరెంటు ఇంజనుకు నీళ్లెందుకు? 2009 డిసెంబరు నుంచి సప్సాన్ అనే బండి గంటకు 250 కిలోమీటర్ల దాకా వేగంతో పోతున్నది. నాలుగు గంటల లోపే ప్రయాణం. వాటిలో బొలొగోయెలో ఆగేవి కొన్నే. 1989లో 35 వేలకు పైగా ఉన్న జనాభా 2010 లెక్కల్లో 23 వేల చిల్లరకు దిగింది.

మా బండి ఆగేవాటిలో ఒకటి. తలుపు దగ్గరకు వెళ్లి నిలబడ్డాను. దిగినవాళ్లు ముగ్గురో నలుగురో. అల్లుడుగారు "మామయ్యగారూ, ఏం చూస్తున్నారు, ఇక్కడేమీ లేదు" అన్నారు. నాకు మా బిట్రగుంట కనబడింది. మెయిలు ఆగితే ప్లాట్‌ఫారం మీద ఇడ్లీలమ్మే మనిషికి కూడా తెలుసు, ఏ ఇంజను ఎంతసేపు నీళ్లు తాగుతుందో. కాల్‌బాయ్ అర్ధరాత్రి తలుపు కొడితే పక్కింటివాళ్లు కూడా లేచేవారు. మా లైను మీద కరెంటు తీగలు వచ్చాక ఇంజన్లు ఒక్కొక్కటే పోయాయి, వాటి వెనకాలే మనుషులూ పోయారు. నేనూ బెజవాడ బదిలీ మీద వచ్చేశాను. కరెంటు ఇంజను సుఖం తెలిసినవాణ్ణే, పొగ మళ్లీ కావాలనను. కళ్లలో నలుసు పడితే తెలుస్తుంది.

ఒక్క మనవి. నేను పనిచేసిన షెడ్డు ఫోటో నా దగ్గర ఒక్కటీ లేదు. టర్న్‌టేబుల్ మీద ఇంజను తిరుగుతున్నది గాని, రన్నింగ్ రూము వంటవాళ్లది గాని, మీలో ఎవరి పెట్టె అడుగునైనా ఉంటే ఈ రోజు భోజనాల దగ్గర నాకు చెప్పండి. కాపీ తీయించుకుని మీది మీకు భద్రంగా తిరిగి ఇస్తాను.